పచ్చగా ఉంటుంది, పూయదు: అనంతపురంలో ఒక బ్రహ్మకమలం కేస్ స్టడీ

నేపథ్యం

అనంతపురం పట్టణంలో ఒక సొంతిల్లు. తూర్పు వసారాలో ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాలు రెండు, ఒక్కో డబ్బాలో ఒక బ్రహ్మకమలం. నాటి నాలుగేళ్లు దాటింది. చూసుకునే ఇల్లాలికి మొక్కలు కొత్త కాదు. మిద్దె మీద వంగ, టమాటా, ఆకుకూరలు ఏళ్ల తరబడి పండిస్తున్న మనిషి. అక్కడ కాపు తెచ్చిన పద్ధతినే ఇక్కడా వాడింది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ కేసు రాసి పెట్టడానికి కారణం కూడా అదే. వాళ్ల వివరాలు, కాలనీ పేరు ఇక్కడ అక్కర్లేదు కాబట్టి వదిలేశాం.

మన ఇళ్లలో పెరిగే ఈ మొక్క ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్, కాక్టస్ కుటుంబానిది. పుట్టిల్లు దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా వైపు తేమ అడవులు. అక్కడ ఇది చెట్ల పంగల్లో పేరుకున్న ఆకుల చెత్తలో వేళ్లు దించి బతుకుతుంది. దానికి అందేది వాన నీళ్లు, కుళ్లిన ఆకుల్లోంచి కొద్దికొద్దిగా దిగే పోషకాలు, కొమ్మల చాటు వెలుతురు. అలాంటి దాన్ని ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే ఊళ్లో, డబ్బాలో, బోరు నీళ్ల మీద పెంచుతున్నాం. ఎరువు ఎంత, ఎప్పుడు అన్న లెక్క ఈ తేడా దగ్గర మొదలవ్వాలి.

ఇంకొక సంగతి ముందే చెప్పుకోవాలి. అందరూ ఆకులు అనేవి నిజానికి కాడలే. అడుగు నుంచి గుండ్రంగా, పొడుగ్గా లేచేవి ఒక రకం. వాటి పక్కల నుంచి వచ్చే బల్లపరుపువి ఇంకో రకం. పూలు ఎక్కువగా ఈ రెండో రకం మీదే వస్తాయి, అదీ ముదిరిన వాటి అంచున ఉండే గంట్లలో. లేతది ఎంత నిగనిగలాడినా దాని మీద ఆ ఏడు పూత ఆశించకూడదు. వాడుకలో ఉన్నట్టే బల్లపరుపువాటిని ఇక్కడా ఆకు అనే అంటాం, గుండ్రటివాటిని కాడ అంటాం.

సమస్య

"ఇంగ ఏం పెట్టల్ల సార్ దీనికి? ఆకులు చూడండి ఎట్లున్నాయో. పూత మాత్రం లేదు." డిసెంబరు మొదట్లో ఆమె అడిగిన మాట ఇది. పెట్టింది చాలలేదేమో అన్నది ఆమె అనుమానం.

దూరం నుంచి చూస్తే మొక్కకు ఏ లోటూ కనపడదు. ముదురాకుపచ్చ రంగు, గోడకు కట్టిన ఏడడుగుల గుండ్రటి కాడలు. దగ్గరికి వెళ్తే సంగతి వేరు. బల్లపరుపు ఆకులు వెడల్పుగా ఉన్నా పల్చన. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉన్నాయి. గట్టిపడి నిలబడ్డ ఆకులు తక్కువ. లేత చిగుళ్ల సందుల్లో పిండినల్లి, దాని కోసం చీమల బారు. డబ్బా లోపలి అంచు చుట్టూ తెల్లటి ఉప్పు పెచ్చు, గోటితో గీరితే పొడిపొడిగా రాలింది. మట్టి మీద రెండంగుళాల మందాన జిగటగా నల్లటి పొర, పుల్లటి వాసన. అది వారం వారం పోసిన చెక్క పిప్పి.

మాటల్లో ఇంకో విషయం బయటపడింది. గడిచిన రెండు వానాకాలాల్లోనూ మొగ్గలు వచ్చాయట, శనగ గింజంత అయ్యాక రాలిపోయాయట. ఆమె దాన్ని పెద్దగా లెక్కచేయలేదు గానీ కేసులో అది కీలకం. మొగ్గ తొడిగిందంటే మొక్కకు పూసే వయసు వచ్చినట్టే. నిలబెట్టుకోలేకపోతోంది, అంతే.

అనుమానాల వడపోత

పూయని బ్రహ్మకమలం దగ్గర అడగాల్సినవి వయసు, రకం, వెలుతురు, తిండి, వేళ్ల స్థితి. వయసు సంగతి మొగ్గలతోనే తేలింది. రకం సంగతి తేల్చడానికి మంచి ఆధారం ఒకటి దొరికింది. ఇదే తల్లి మొక్క నుంచి తెచ్చిన ఆకు అదే ఊళ్లో ఆమె అక్కగారి ఇంట్లోనూ నాటారు. అది అంచు పగిలిన మట్టి కుండీలో, వేపచెట్టు కింద, మునిసిపల్ కుళాయి నీళ్ల మీద బతుకుతోంది. ఎరువంటే వేపచెట్టు రాల్చిన ఆకే. ఏటా శ్రావణంలో పూస్తుంది. రకం మంచిది కాదన్న మాట దీంతో పోయింది.

వెలుతురు: వసారాలోకి పొద్దున తొమ్మిదిన్నర దాకా లేత ఎండ వస్తుంది, తర్వాత వెలుగున్న నీడ. ఈ మొక్కకు అది సరిపోతుంది. చీకటి మూలలో పెరిగిన మొక్క పాలిపోయి, సన్నబడి, వెలుతురు వైపుకు ఒరుగుతుంది. ఇక్కడ రంగు ముదురుగా ఉంది, కాడలు లావుగా ఉన్నాయి. అది వెలుతురు కరువు కాదు, తిండి ఎక్కువైన లక్షణం.

అందుకని ఆమె నెలలో ఏమేం వేస్తుందో కాగితం మీద రాయించాం. ప్రతి ఆదివారం 200 గ్రాముల వేరుశనగ చెక్క నానబెట్టి, పిప్పితో సహా రెండు డబ్బాలకు పంచడం. పదిహేను రోజులకు ఒక్కో డబ్బాకు చెంచాడు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ వరుసగా 19 శాతం చొప్పున ఉండే ఎరువు). నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్ట్. గుర్తొచ్చినప్పుడల్లా చిటికెడు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే రసాయన ఎరువు).

దీన్ని నత్రజనిలోకి మార్చి చూద్దాం. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం. వారానికి డబ్బాకు 100 గ్రాములంటే 7 గ్రాములు, నెలకు 28. చెంచా 19-19-19 ఐదు గ్రాములనుకుంటే రెండు విడతలకూ దాదాపు 2 గ్రాములు. 200 గ్రాముల వర్మీ కంపోస్ట్‌లో 1.5 శాతం చొప్పున 3 గ్రాములు. డీఏపీ వదిలేసినా మొత్తం 33 గ్రాములు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి ఇది నెలకు 70 గ్రాముల యూరియాతో సమానం. చెక్కలోది అంతా ఒకేసారి కరగదు, నిజమే. కానీ వారం వారం కొత్తది వచ్చి పడుతుంటే పాతది కరుగుతూనే ఉంటుంది. రసాయనం వేయలేదు కదా, అంతా చెక్కే కదా అన్న ధీమా ఈ జిల్లాలో చాలా ఇళ్లల్లో ఉంది. నూనె గానుగ పక్కనే ఉండి చెక్క సులువుగా దొరికే చోట ఇంకా ఎక్కువ. నత్రజని చెక్క నుంచి వచ్చినా సంచి నుంచి వచ్చినా మొక్క చేసే పని ఒకటే: కొత్త కాడలు తోయడం. ఉన్న ఆకు ముదిరి పూతకు వచ్చే లోపే దాని పక్కన ఇంకో చిగురు లేస్తుంది. పిండినల్లికి కూడా ఆ లేత రసమే ఇష్టం.

ఇక నీళ్లు. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంది. దాని నుంచి వదిలే నీళ్లు వృథా ఎందుకని బకెట్లో పట్టి మొక్కలకు పోస్తున్నారు. ఆదా మంచిదే కానీ, ఆర్వో మన గ్లాసులోకి రానివ్వని ఉప్పంతా ఆ బకెట్లోకే పోతుంది. మీటర్ పెట్టి చూస్తే బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 720, ఆర్వో తాగే నీళ్లది 50, వదిలే నీళ్లది 1,050. డబ్బా అడుగు నుంచి కారిన నీళ్లది 2,900.

ఈ చివరి కొలత ఎలా తీయాలో చెప్పాలి, ఎందుకంటే ఎరువు వేయాలా వద్దా అని తేల్చేది అదే. మొక్కకు మామూలుగా నీళ్లు పోసి అరగంట ఆగాలి. కింద శుభ్రమైన పళ్లెం పెట్టి, పైన ఒక గ్లాసు ఆర్వో నీళ్లు చుట్టూ సమానంగా పోయాలి. మట్టిలో ఉన్న నీటిని అది కిందికి నెడుతుంది. మొదట కారిన అర గ్లాసు నీళ్లలో మీటర్ ముంచాలి. ఎండిన మట్టిలో ఈ పని చేస్తే పక్క సందుల్లోంచి నీళ్లు నేరుగా జారిపోయి అంకె తప్పు చూపిస్తుంది. ఈ మొక్కకు మేం పెట్టుకున్న గీత 1,000. అది దాటితే ఎరువు బంద్. 2,900 దగ్గర వేళ్లు నీళ్లు లాగడానికే అవస్థ పడతాయి. మొగ్గ వేసవి ఆఖరున, వానలు మొదలయ్యే వేళ తొడుగుతుంది. ఎండకు మట్టి ఆరి ఉప్పు ఇంకా చిక్కబడేదీ అప్పుడే. శనగ గింజంత మొగ్గలు రాలిపోవడానికి మాకు తోచిన కారణం ఇది.

అంతకుముందు చేసినవి

మేం చూసే నాటికే అరటి తొక్కల నీళ్లు, గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద అన్నీ అయిపోయాయి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లలో పొటాష్ ఉండేది తక్కువ, దానివల్ల లాభమూ లేదు నష్టమూ లేదు. బూడిద, పెంకులు అలా కాదు. బోరు నీళ్లు ఇప్పటికే క్షార గుణంతో ఉన్న చోట అవి మట్టిని ఇంకా అటే నెడతాయి, ఇనుము మొక్కకు అందకుండా పోతుంది. డీఏపీని అదే నీళ్లలో కరిగిస్తే బకెట్ తెల్లగా మబ్బుపట్టేదట. నీళ్లలోని కాల్షియం, ఎరువులోని భాస్వరం కలిసి గడ్డకట్టడం అది. ఆ భాస్వరంలో చాలా భాగం మొక్కకు చేరనట్టే.

మామిడి తోట ఉన్న బంధువు ఒకరు పాక్లోబ్యుట్రాజోల్ పోయమన్నారు. దాన్ని గట్టిగా వద్దన్నాం. పెరుగుదలను ఆపి పూత తెప్పించడానికి మామిడి చెట్టుకు పాదులో పోసే మందు అది, మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటుంది. పదిహేను లీటర్ల మట్టికి మోతాదు తప్పితే మొక్క కుదించుకుపోతుంది, సరిదిద్దే దారి ఉండదు. పైగా ఈ మొక్కకు పూత శక్తి లేక కాదు కదా.

మొదటి ప్రయత్నం: కడగడం

ఎరువులన్నీ ఆపించి, డబ్బా మార్చకుండా ఉప్పును కడిగేద్దామని మొదలుపెట్టాం. అప్పుడే కుండీ మార్చకపోవడానికి కారణం ఉంది. డిసెంబరు చలిలో ఈ మొక్క వేళ్లు మందకొడిగా ఉంటాయి, తెగితే త్వరగా మానవు. రెండోది, మట్టిని కదపకుండా తిండి ఒక్కటే మారిస్తే తిండి ప్రభావం ఎంతో విడిగా తెలుస్తుంది.

డబ్బాలో మట్టి సుమారు 15 లీటర్లు. దానికి రెట్టింపు, 30 లీటర్ల బోరు నీళ్లు ఐదేసి లీటర్ల చొప్పున పోసి, ఆఖరుకు 5 లీటర్ల ఆర్వో నీళ్లు పోయించాం. కడగడానికి బోరు నీళ్లు పనికొస్తాయి. 720 నీళ్లు 2,900 మట్టిని పలచన చేస్తాయి.

ఫలితం సగం కూడా రాలేదు. ఎర్రమట్టి, పశువుల ఎరువు సగం సగం కలిపి నింపిన డబ్బా అది. నాలుగేళ్లలో ఎరువు కరిగిపోయి, మట్టి గట్టిగా దిగి, అడుగు రంధ్రాల్లో రెండు మూసుకుపోయాయి. మొదటి ఐదు లీటర్లు ఇంకడానికే ముప్పావు గంట పట్టింది. మొత్తం అయ్యేసరికి టీడీఎస్ 1,700కు దిగింది. రెండు వారాలకు మళ్లీ కొలిస్తే 2,300. మట్టిలో నిలవ ఉన్న చెక్క కరుగుతూనే ఉంది. కడిగినది ఒకవైపు, ఊరేది ఒకవైపు. పైగా నిలిచిన తడికి అడుగు కాడ ఒకటి మెత్తబడింది. దాన్ని గట్టి భాగం దాకా కోసి, కోత మీద పసుపు అద్ది ఆరబెట్టాం. ఇంకోసారి కడిగితే వేళ్లు కుళ్లే ప్రమాదం కనపడింది. ఆ దారి అక్కడితో మూసేశాం.

రెండో నిర్ణయం: ఒకదానికి కుండీ మార్పు, ఒకటి అలాగే

జనవరి ఆఖరు వారంలో ఒక మొక్కను డబ్బాలోంచి తీశాం. రెండోదాన్ని డబ్బాలోనే ఉంచి, పై రెండంగుళాల చెక్క పొర గీకి తీసేసి, నీళ్లు, ఎరువు మాత్రం మార్చాం. రెండింటికీ మార్చేయమని ఆమె పట్టుబట్టింది గానీ, ఒకటి పాత మట్టిలో ఉంటేనే కుండీ వల్ల ఎంత, తిండి వల్ల ఎంత అన్నది తెలుస్తుంది.

తీసిన మొక్క వేళ్లలో పై ఆరంగుళాలవే తెల్లగా ఉన్నాయి. కిందవి గోధుమ రంగుకు తిరిగి, లాగితే తొడుగు ఊడి నారలా మిగిలాయి. వాటిని కత్తిరించాక మిగిలినదానికి పది అంగుళాల మట్టి కుండీయే ఎక్కువ. ఈ మొక్క వేళ్లకు చోటు కాస్త ఇరుకుగా ఉండడమే మేలు. పెద్ద డబ్బాలో వేళ్లు చేరని మట్టి తడిగా నిలిచి పులుస్తుంది.

మిశ్రమం కొలతలు: కొబ్బరి పీచు ముక్కలు మూడు పాళ్లు, కడిగిన కోకోపీట్ రెండు పాళ్లు, బటాణీ గింజంత ఇస్త్రీ బొగ్గు ముక్కలు ఒక పాలు, అంతే సైజు ఇటుక ముక్కలు ఒక పాలు, జల్లించిన వర్మీ కంపోస్ట్ ఒక పాలు. ఎర్రమట్టి అసలు వేయలేదు. కోకోపీట్ ఇటుకను నానబెట్టి పిండి, నీళ్లు మార్చి మళ్లీ పిండాలి. పిండిన నీళ్ల టీడీఎస్ పోసిన నీళ్ల దరిదాపుకు వచ్చేదాకా ఆపకూడదు. కడగని కోకోపీట్‌లోనే బోలెడంత ఉప్పు ఉంటుంది. మనం పారిపోతున్నదే ఆ ఉప్పు నుంచి. పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాం. ఏడడుగుల కాడలను మూడడుగుల దగ్గర కోశాం. కొస కోస్తే పక్క నుంచి బల్లపరుపు ఆకులు వస్తాయి. వచ్చే ఏడు పూత పుట్టేది వాటి మీదే.

నాటాక ఐదు రోజులు నీళ్లు పోయలేదు, తెగిన వేళ్లు ఆరడానికి. ఆ తర్వాత కూడా ఫిబ్రవరి ఆఖరు దాకా పది పన్నెండు రోజులకు ఒక తడి, ఎరువు సున్నా. చీనీ (బత్తాయి) తోటకు బెట్ట పెట్టడం, అంటే పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపడం, అనంతపురంలో తెలియని వాళ్లుండరు. ఇదీ ఆ దారిదే, కానీ ఆకు ముడతలు పడే దాకా కాదు. ఆకు అంచు కొద్దిగా పలచబడితే చాలు. రాత్రి చల్లదనం, పొడి మట్టి, తిండి లేకపోవడం మూడూ కలిస్తే కొత్త చిగురు ఆగి, ఉన్న ఆకు ముదురుతుంది. వారం వారం చెక్క నీళ్లు తాగిన మొక్కకు నాలుగేళ్లుగా ఈ విరామమే లేదు.

నీళ్లు, ఎరువు

నీళ్లకు బోరువి ఒక పాలు, ఆర్వో తాగే నీళ్లు రెండు పాళ్లు. కలిపితే టీడీఎస్ 270 చుట్టుపక్కల వచ్చింది. అచ్చం ఆర్వో నీళ్లే పోయకపోవడానికి కారణం, కాల్షియం, మెగ్నీషియం ఈ మొక్కకు అందేది ఆ ఒక పాలు బోరు నీళ్ల నుంచే. వాన పడితే పట్టి ఉంచిన నీళ్లను మించింది లేదు. ఆర్వో వదిలే నీళ్లు వసారా కడగడానికి మళ్లించారు.

ఎరువు ఉగాది దాటాక, చిగురు కదిలాక మొదలైంది. ముందు 19-19-19 లీటరుకు అర గ్రాము, పదిహేను రోజులకోసారి, కుండీకి లీటరు. పూత కావాలంటే నత్రజని పూర్తిగా మానేయాలన్న మాట ఈ మధ్య బాగా ప్రచారంలో ఉంది, అది సరి కాదు. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే బల్లపరుపు ఆకుకు నత్రజని కావాలి. ఎంత అన్నదే ప్రశ్న. ఈ మోతాదులో నెలకు పడేది 0.19 గ్రాములు. అంతకుముందు పడినది 33.

అర గ్రాము వంటింటి త్రాసులో తూగదు. అందుకని 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోమన్నాం. అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసి లీటరుకు నింపితే సరిగ్గా అర గ్రాము. ముందురోజు మామూలు నీళ్లు పోసి, తడిసిన మట్టి మీదే ఎరువు నీళ్లు పోయాలి. ఎండిన వేరు మీద అర గ్రాము కూడా మంటే.

మే నెలంతా ఎరువు ఆపేశాం. నలభై డిగ్రీలు దాటిన ఎండలో కుండీ రోజూ ఆరుతుంది. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, మొక్క తినేది ఏమీ ఉండదు. రోహిణి కార్తె పోయేదాకా 50 శాతం షేడ్ నెట్, కుండీ చుట్టూ తడి గోనె, పొద్దున్నే నీళ్లు. అంతే.

మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక 13-0-45, అదే అర గ్రాము, అదే పదిహేను రోజులు. డ్రిప్పు మందుల అంగళ్లలో పూతకు 0-52-34 ఇవ్వమంటారు. ఆమె పొట్లం కొని తెచ్చింది కూడా. వాడించలేదు. ఇన్నేళ్లు డీఏపీ, 19-19-19 తిన్న మొక్కకు భాస్వరం కొదవ ఉండదు. భాస్వరం ఎక్కువైతే ఇనుము, జింకు అందవు. భాస్వరం లేక పూత రాకపోవడం ఒకటి, ఉన్నదానికి ఇంకా వేస్తే పూత ఎక్కువ రావడం ఇంకొకటి. మొదటిది జరుగుతుంది, రెండోది మేం చూడలేదు. పొటాష్‌కు ఎర్రటి మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ చౌక గానీ అందులో క్లోరైడ్ ఉంటుంది. ఉప్పుతో వేగిన మొక్కకు అది వద్దు.

మొగ్గలు, గాలి

జూన్ ఆఖరుకు కుండీ మొక్క గంట్లలో కదలిక కనిపించింది. అది మొగ్గో చిగురో మొదటి వారంలోనే పోల్చుకోవచ్చు. చిగురైతే మొన తేలి, చదునుగా, పైకి చూస్తుంది. మొగ్గైతే గుండ్రంగా, లేత గులాబీ ఛాయతో కిందికి వాలుతుంది. ఆరు మొగ్గలు లెక్కతేలాయి. బియ్యపు గింజ నుంచి వేలెడంత అయ్యేసరికి నాలుగు రాలాయి.

బలం చాలక రాలాయి, ఒక మోతాదు పెంచుదాం అని ఆమె అంది. రాలిన మొగ్గలను తెప్పించుకుని చూశాం. తొడిమ పసుపు రంగుకు తిరిగి, ముడతలు పడి, పొడిగా ఉంది. వేళ్లు కుళ్లి రాలిన మొగ్గ అయితే తొడిమ మెత్తగా, గోధుమ రంగులో, తడిగా ఉంటుంది. కారిన నీళ్ల టీడీఎస్ 600 మాత్రమే. అంటే ఉప్పూ కాదు, కుళ్లూ కాదు, దాహం. ఆషాఢం గాలి ఈ ఊళ్లో ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వసారాలో పడమటి సందు నుంచి రోజంతా విసురుతోంది. మట్టి కుండీ పొద్దున తడిపితే మధ్యాహ్నానికి మూడంగుళాల లోతు దాకా ఆరుతోంది. పీచు ముక్కల మిశ్రమంలో ఉన్న లోపం ఇదే, గాలి ఎంత బాగా ఆడుతుందో అంత త్వరగా ఆరుతుంది. సందుకు షేడ్ నెట్ రెండు మడతలు కట్టించి, సాయంత్రం కూడా అర లీటరు పోయించాం. ఎరువు పెంచలేదు. ఆ దశలో పెంచి ఉంటే ఆరిన మట్టిలో ఉప్పు చిక్కబడి మిగిలిన రెండూ పోయేవి. కుండీని హాల్లోకి మార్చడం కూడా వద్దన్నాం. మొగ్గ మీద ఉండగా చోటు, వెలుతురు దిక్కు మారితే రాలడం ఈ మొక్కలో మామూలు.

మిగిలిన రెండూ నిలిచాయి. వేలాడే మొగ్గ మెడ వంచి కొస పైకి ఎత్తిందంటే ఇక కొద్ది రోజులే. అప్పటి నుంచి ఎరువు పూర్తిగా ఆపి, మట్టి తేమ ఒకే తీరున ఉంచాలి. విచ్చే రోజు మధ్యాహ్నానికే కొస ఉబ్బి వదులవుతుంది, రాత్రి ఎనిమిది దాటాక విచ్చుకోవడం మొదలవుతుంది.

ఫలితం

సెప్టెంబరులో కుండీ మొక్క ఇంకో ఐదు మొగ్గలు తొడిగింది, అన్నీ పూశాయి. డబ్బాలో ఉంచిన మొక్కకు అక్టోబరులో ఒక్క పువ్వు. ఒక్కటే అయినా చెప్పుకోదగ్గదే. మట్టి మారలేదు, డబ్బా మారలేదు, చోటు మారలేదు. చెక్క ఆగింది, నీళ్లు మారాయి, శీతాకాలం విరామం దొరికింది. పాత మట్టిలోని నత్రజని తగ్గడానికి అన్ని నెలలు పట్టింది కాబట్టే ఆలస్యం.

పూత అయ్యాక 19-19-19 రెండు మోతాదులు ఇచ్చి నవంబరు నుంచి ఆపేశారు. రెండో ఏడు కుండీ మొక్క మూడు విడతల్లో 19 పూలు పూసింది. వాటిలో ఎక్కువ భాగం కాడలు కోశాక వచ్చిన ఆకుల మీదే. డబ్బా మొక్క నాలుగు పూసింది. అప్పుడు దానికీ కుండీ మార్చాం.

ఇంకోచోట వాడేవాళ్లకు

ఎరువు పొట్లం విప్పే ముందు కారే నీళ్లు కొలవండి. మూడు నాలుగు వందల రూపాయల మీటర్ చాలు. అంకె 1,000 దాటి ఉంటే ఏ పూత మందూ పనిచేయదు. తక్కువగా ఉండి, ఆకులు పల్చగా పాలిపోయి ఉంటే అప్పుడు నిజంగానే తిండి తక్కువ. అలాంటి మొక్కకు పై లెక్కలో 19-19-19 ఇంకో నెల ముందు మొదలుపెట్టొచ్చు.

నంద్యాల, కడప వైపు నల్లరేగడి తెచ్చి నింపేవాళ్లు దాన్ని కడగాలని చూడకండి. తడికి ఉబ్బి గాలి ఆడనివ్వదు, ఆరితే బీటలు వారి వేళ్లు తెంపుతుంది. నేరుగా కుండీ మార్చాలి, ఆ పని మాఘం లోపు కావాలి. కర్నూలు ఎండకు ఎరువు ఏప్రిల్ నడుమే ఆపి, వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టడం మంచిది. రోజుకు రెండు పూటలా నీళ్లు పోసే మనిషి ఇంట్లో లేకపోతే మట్టి కుండీ బదులు ప్లాస్టిక్ కుండీ, అడుగున ఆరేడు రంధ్రాలు, కోకోపీట్ ఇంకో పాలు ఎక్కువ.

బెంగళూరు నర్సరీల నుంచి తెచ్చుకునే క్రిస్మస్ కాక్టస్‌కు ఈ కేలండర్ పెట్టకండి. దాని మొగ్గ పొడుగు రాత్రులకు తొడుగుతుంది. సెప్టెంబరు ఆఖరుకు ఎరువు ఆపి, అక్కడి నుంచి మొగ్గ కనిపించేదాకా రోజుకు పదమూడు గంటలు ట్యూబ్‌లైటు వెలుగు కూడా పడని చోట ఉంచాలి. మోతాదు మాత్రం ఇదే, లీటరుకు అర గ్రాము. ఉప్పు గీత మాత్రం బ్రహ్మకమలం కంటే ఇంకా కిందికి, 800 దగ్గర పెట్టుకోవాలి.